తాతగారి పెన్నును వేడినీళ్లలో వేయకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో ఇంటి చిట్కాల కింద, బీరువాలో పడున్న పాత ఇంకు పెన్నును రాత్రంతా వేడినీళ్లలో నానబెట్టి, పొద్దున్నే మీట నాలుగుసార్లు గట్టిగా లాగితే మళ్లీ ఇంకు పీలుస్తుందని వేశారు. దయచేసి దానికి సవరణ వేయండి. నేను కొన్నేళ్ల క్రితం సరిగ్గా ఆ పనే చేసి మా తాతగారి పెన్నును పాడుచేసుకున్నాను కాబట్టి చెప్తున్నా.

ఆయన నిజాం రైల్వేలో గుమస్తా. నల్లటి ఎబొనైట్ పెన్ను, పక్కన సన్నటి మీట. గీజర్ నీళ్లు స్టీలు గ్లాసులో పట్టి అందులో నిలబెట్టి పడుకున్నాను. పొద్దున చూస్తే నిగనిగలాడే నలుపు పోయి ఉడికించిన గోంగూర రంగు తిరిగింది, అదీ సగం వరకే. గ్లాసులో నీళ్లు ఎంతవరకు ఉన్నాయో అక్కడ గీత గీసినట్టు ఆగింది, పైన సగం ఇప్పటికీ నల్లగానే ఉంది. ఎబొనైట్ అంటే గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరు, వేడినీళ్లు తగిలితే పైపొర అలా రంగు మారిపోతుందని తర్వాత తెలిసింది. అంతటితో ఆగానా, లేదు. మీట కదలడం లేదని గోరు పెట్టి లాగాను. టక్‌మంది. విరిగింది.

అసలు తప్పు మీటది కాదు. ఈ రకం పెన్నులో బ్యారెల్ లోపల ఒక రబ్బరు ట్యూబు, దాని పక్కనే సన్నటి లోహపు పట్టీ ఉంటాయి. మీట ఎత్తితే పట్టీ ట్యూబును నొక్కుతుంది, లోపలి గాలి బయటికి పోతుంది, మీట దించితే ట్యూబు మళ్లీ ఉబ్బుతూ ఇంకును లాక్కుంటుంది. అంతే యంత్రాంగం. ఇరవై ముప్పై ఏళ్లు వాడకుండా వదిలేస్తే, అందులోనూ మన ఎండలకి, ఆ ట్యూబు పెంకులా బిగుసుకుపోతుంది. నా పెన్ను విప్పితే పాత అప్పడంలా పెళపెళ విరిగి నల్లటి ముక్కలు రాలాయి. దాన్ని నానబెట్టినా, లాగినా ఏం లాభం? మార్చాల్సిందే. మీట కదలకపోతే కదిలించకండి, అదొక్కటి చేస్తే చాలు, సగం పెన్నులు బతుకుతాయి.

తర్వాత గడియారాలు బాగుచేసే ఒకాయనకిస్తే మీట బాగానే అతికించాడు గానీ కొత్త ట్యూబును సూపర్ గ్లూతో అంటించి ఇచ్చాడు. అది మళ్లీ ఊడదీయాలంటే నిబ్బు ఉన్న ముందు భాగమే విరిగేలా తయారైంది. దీనికి వాడాల్సింది లక్క. లాడ్ బజార్ గాజులకి వాడే లక్క లాంటిదే, స్పిరిట్‌లో కరిగించి వడ్రంగులు పాలిష్‌కి వాడతారే, ఆ షెలాక్. పట్టు గట్టిగా ఉంటుంది, రేపు మార్చుకోవాలంటే కాస్త వెచ్చజేస్తే వదులుతుంది. వెచ్చజేయడం అంటే హెయిర్ డ్రయ్యర్‌తో, చెయ్యి కాలనంత. స్టవ్ మంట దగ్గరికి అస్సలు వద్దు, రంగురంగుల పాత పెన్నులు చాలావరకు సెల్యులాయిడ్‌వి, ఒకప్పటి సినిమా రీళ్లలాగే భగ్గుమంటాయి. కొన్ని ఇంగ్లండు పెన్నులు పాల నుంచి తీసిన కేసీన్‌తో చేసినవి, అవి చన్నీళ్లలో నానినా ఉబ్బుతాయి. ట్యూబు సైజు అంగుళంలో అరవై నాలుగో వంతుల లెక్కన ఉంటుంది, 16 నంబరంటే పావు అంగుళం లావు. షెలాక్ రాసి ట్యూబును నిబ్బు ఉన్న ముందు భాగానికి అంటించి, ఒక రాత్రి ఆరనిచ్చి, పైన వాసన లేని టాల్కం పౌడర్ అద్ది లోపలికి దూర్చాలి. మొదట ఇంకు కాదు, నీళ్లు ఎక్కించి చూడాలి.

అన్ని పాత పెన్నులకీ ఇదే వైద్యం అనుకోకండి. పార్కర్ 51 ఉంటే ముందు అది ఏ రకమో చూసుకోండి. 1941లో వచ్చిన మొదటి రకానికి వెనక చివరన మూత కింద నొక్కే బొత్తం, లోపల రబ్బరు పొర ఉంటాయి, ఆ పొర పాడైపోతుంది. 1948 నుంచి వచ్చిన, ట్యూబును పక్కనుంచి నొక్కి నింపే రకంలో ఆ ట్యూబు రబ్బరు కాదు, ప్లాస్టిక్. ఇన్నేళ్లయినా చాలావరకు చెక్కు చెదరదు, చన్నీళ్లతో కడిగితే చాలు. బాగున్నదాన్ని మార్పించి డబ్బులు తగలేసుకున్నవాళ్లని చూశాను. పెలికాన్ లాంటి, వెనక తిప్పి ఇంకు లాగే పిస్టన్ పెన్ను బిగుసుకుంటే సిలికాన్ గ్రీజు ఆవగింజంత చాలు. కొబ్బరినూనె పోసేవాళ్లున్నారు, నిబ్బు దాకా జిడ్డు పాకి ఇంకు దిగడం మానేస్తుంది. రాజమండ్రి ఎబొనైట్ పెన్నులకి ఈ గొడవే లేదు, డ్రాపర్‌తో ఇంకు పోసుకోవడమే.

ఇంకో మాట, కడగడానికి బోరు నీళ్లు వద్దు. మన కాలనీల్లో బకెట్ అంచున తెల్లగా పేరుకునేదే పెన్ను లోపలా పేరుకుంటుంది. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ ఒక సీసా కొంటే ఏడాది వస్తుంది. డ్రాయింగ్‌కి వాడే ఇండియన్ ఇంకు మాత్రం పోయకండి, ఎండితే అది వదలదు.

1928 నుంచి పెన్నులే అమ్ముతున్న దుకాణం అబిడ్స్‌లో ఉన్న ఊరు మనది, ఇళ్లల్లో ఎన్ని పాత పెన్నులున్నాయో. ఆ చిట్కా చూసి ఈ వారం ఎంతమంది గీజర్ ఆన్ చేశారో అని నాకు టెన్షన్‌గా ఉంది. సవరణ వచ్చే ఆదివారం అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో వేయండి. లోపలి పేజీలో మూలన వేస్తే ఎవరూ చూడరు.

- ఒక పాఠకుడు, సీతాఫల్‌మండి, హైదరాబాద్