నాలుగు రోజులు ఓర్వియేతోకు ఇవ్వండి

రోమ్,
శనివారం రాత్రి

నాన్నగారికి, అమ్మకు నమస్కారాలు.

మేము ఇక్కడ క్షేమం. అక్టోబరుకు మీ వీసాలు వచ్చాయని తమ్ముడు ఫోనులో చెప్పగానే ఇంట్లో పండగలా అనిపించింది. కానీ అతను పంపిన టూరు కాగితం చదివాక ఆ సంతోషం సగమైంది. పదకొండు రోజుల్లో ఎనిమిది ఊళ్ళు! నిరుడు మా అత్తగారూ మామగారూ అచ్చం ఇలాంటి ప్రయాణమే చేశారు. తెల్లవారుజామున లేపడం, బస్సెక్కించడం, ఒక్కో ఊళ్ళో గంటో రెండు గంటలో తిప్పి మళ్ళీ బస్సెక్కించడం. తిరిగొచ్చాక ఏమేమి చూశారని అడిగితే అత్తగారు చాలాసేపు ఆలోచించి, "అన్నీ బాగున్నాయమ్మా, ఏది ఎక్కడో మాత్రం చెప్పలేను" అన్నారు. ఆ డబ్బు కట్టింది మేమే. వాళ్ళకు ఇటలీ చూపించామని అనుకున్నాం గానీ కిటికీ అద్దం తప్ప ఏమీ చూపించలేదని అప్పుడు తెలిసింది. మీ విషయంలో ఆ తప్పు మళ్ళీ చేయలేను.

అందుకే అడుగుతున్నాను. రోమ్‌లో మా ఇంట్లో వారం రోజులు ఉండండి. మిగిలిన నాలుగు రోజులు నాకివ్వండి, ఓర్వియేతోకు తీసుకువెళ్తాను.

ఇది ఊంబ్రియా ప్రాంతంలో ఒక రాతి గుట్ట మీద ఉన్న పాత ఊరు. రోమ్‌లో రైలెక్కితే గంటన్నర లోపే చేరతాం. లక్షల ఏళ్ళ కిందట అగ్నిపర్వతం కక్కిన బూడిద గట్టిపడి రాయిగా మారింది. దాన్ని ఇక్కడ తూఫో అంటారు. గుట్ట చుట్టూ అంచులు కత్తితో కోసినట్టు నిలువుగా ఉంటాయి. కోటగోడ కట్టాల్సిన పనే లేదు, గుట్టే గోడ. శరత్కాలంలో పొద్దున్నే లోయంతా పొగమంచు కమ్మితే, పైనున్న ఊరు మాత్రమే ఎండలో తేలుతూ కనిపిస్తుంది. మొదటిసారి దాన్ని రైలు కిటికీలోంచి చూసినప్పుడు నా చేతిలో టీ చల్లారిపోయింది.

కొండ మీది ఊరు అనగానే "మీ నాన్న మోకాళ్ళతో ఎలా ఎక్కుతారే" అని అమ్మ అంటుంది. గుణదల కొండ సగంలో నాన్నగారు కూర్చుండిపోయిన రోజు నాకూ గుర్తుంది. ఇక్కడ ఎక్కే పనే లేదమ్మా. స్టేషన్ ఎదురుగానే పట్టాల మీద ఏటవాలుగా పైకి పోయే బండి ఉంది, ఫూనికొలారే అంటారు. కొద్ది నిమిషాల్లో పైకి చేరుస్తుంది. అక్కడి నుంచి చిన్న బస్సు గుడి ముందు, అంటే ఊరి పెద్ద చర్చి ముందు, దింపుతుంది. నాన్నగారూ, ఆ బండి సంగతి మీకు నచ్చుతుంది. 1888లో దాన్ని మొదలుపెట్టినప్పుడు నీళ్ళ బరువుతో నడిపేవారట. పైనున్న పెట్టె అడుగున తొట్టిలో నీళ్ళు నింపితే, ఆ బరువుకు అది దిగుతూ తాడుతో కింది పెట్టెను పైకి లాగేది. కిందికి రాగానే నీళ్ళు వదిలేసేవారు. 1970లో ఆగిపోయి, 1990లో కరెంటుతో మళ్ళీ మొదలైంది.

నీళ్ళ మాట వచ్చింది కాబట్టి బావి సంగతి ఇప్పుడే చెబుతాను. నిజానికి మిమ్మల్ని అక్కడికి తీసుకువెళ్ళాలని నాకు ఇంత పట్టుదల కలిగింది ఆ బావి చూసిన రోజునే.

1527లో చక్రవర్తి సైన్యం రోమ్ నగరాన్ని దోచుకుంది. క్లెమెంట్ 7వ పోపు గారు నెలల తరబడి కోటలో చిక్కుకుని, చివరికి తప్పించుకుని ఓర్వియేతో చేరారు. శత్రువు గుట్ట ఎక్కలేడు సరే, చుట్టూ కాపలా కాసి కూర్చుంటే పైన ఉన్నవాళ్ళు దాహంతో చావాలి. అందుకని అంతోనియో ద సంగాల్లో అనే వాస్తుశిల్పిని పిలిపించి బావి తవ్వించారు. అది 1537లో పూర్తయ్యేసరికి పోపు గారు లేరు. లోతు దాదాపు 53 మీటర్లు, వెడల్పు 13 మీటర్లు. ఇప్పుడు దాన్ని పునీత పాట్రిక్ బావి అంటారు. ఎంత పోసినా నిండని దానికి, ఖర్చుకు అంతులేని మనిషికి ఇటలీ వాళ్ళు ఆ బావి పేరే వాడతారు.

నాన్నగారూ, మీరు సాగర్ కుడి కాలువ మీద అన్నేళ్ళు పనిచేశారు, కాబట్టి అందులోని నేర్పు మీకు నాకంటే బాగా అర్థమవుతుంది. అంత లోతు నుంచి ఊరందరికీ నీళ్ళు తేవాలంటే కంచరగాడిదలు దిగాలి. దిగేవి, ఎక్కేవి ఒకే దారిలో ఎదురుపడితే రెండూ కదలవు. దానికి సంగాల్లో వేసిన ఉపాయం ఏమిటంటే, నడిమి గొయ్యి చుట్టూ ఒకదాని మీద ఒకటి మెలిక తిరిగే రెండు మెట్ల దారులు. ఒక్కోదానికి 248 మెట్లు. ఒక గుమ్మంలో దిగిన జంతువు అడుగున చిన్న వంతెన దాటి, రెండో దారిలో ఎక్కి ఇంకో గుమ్మంలోంచి బయటికి వస్తుంది. దారి పొడవునా నడిమి గొయ్యిలోకి తెరిచిన కిటికీలు దాదాపు 70 ఉన్నాయి. వెలుతురు వాటిలోంచే వస్తుంది. నేను దిగుతుంటే ఎదురుగా కిటికీల్లోంచి ఎక్కేవాళ్ళు కనిపించారు. మాటలు వినిపిస్తున్నాయి, చెయ్యి చాపితే అందేటంత దగ్గర అనిపిస్తోంది, కానీ ఎక్కడా కలవం. దిగే కొద్దీ గోడ చెమ్మగిల్లుతుంది, చల్లదనం చెవులకు తెలుస్తుంది. అడుగున వంతెన మీద నిలబడి పైకి చూస్తే ఆకాశం పళ్ళెమంత ఉంది. అక్కడ నాకు మీరే గుర్తొచ్చారు. కాలువ గట్టు మీద తూము దగ్గర నన్ను ఎత్తుకుని, నీళ్ళు ఎటు నుంచి ఎటు పోతాయో చూపించిన రోజు.

గాడిదలు దిగే మెట్లు కాబట్టి వెడల్పుగా, ఎత్తు తక్కువగా ఉంటాయి. అయినా మీరు కింది దాకా వద్దు. పై చుట్టులో ఒక కిటికీ దగ్గర ఆగి చూద్దాం, మీ అల్లుడు దిగి కింది నుంచి చెయ్యి ఊపుతారు.

అమ్మా, నీకు చెప్పాల్సింది వేరే ఉంది. ప్రతి ఏడూ మన విచారణలో, అంటే మన గుడి పరిధిలో, దివ్యసత్ప్రసాద పండుగకు వీధంతా పూలు చల్లుతారు కదా, ఆ పండుగ లోకమంతటికీ ఈ ఊరి నుంచే వెళ్ళింది. 1263లో ఇక్కడికి దగ్గర్లోని బొల్సేనాలో, పూజలో అప్పం క్రీస్తు శరీరమవుతుందనే సత్ప్రసాదం గురించి మనసులో సందేహం పెట్టుకున్న ఒక గురువు పూజ చేస్తుండగా అప్పంలోంచి రక్తం కారి పీఠం మీద పరిచిన వస్త్రంపై పడిందని చెబుతారు. అప్పుడు ఊర్బన్ 4వ పోపు గారు ఓర్వియేతోలోనే ఉన్నారు. వస్త్రాన్ని ఇక్కడికి తెప్పించారు. మరుసటి ఏడు, 1264లో, ఈ పండుగను అన్ని దేశాల్లో జరపాలని ఆజ్ఞ ఇచ్చారు. ఆ రోజుల్లో పునీత తోమస్ అక్వినాస్ గారు కూడా ఈ ఊళ్ళోనే ఉండేవారు. పండుగ ప్రార్థనలు రాసింది ఆయనేనని పరంపరగా చెబుతారు. ఆశీర్వాదం వేళ నువ్వు కళ్ళు మూసుకుని పాడే "తాంతుం ఎర్గో" అందులోదే. ఆ వస్త్రం ఇప్పటికీ ఇక్కడి పెద్ద గుడిలో, ఎడమ చేతి వైపు ప్రార్థనాలయంలో ఉంది. నేను అక్కడ మోకరించినప్పుడు నీ జపమాల నా చేతిలో ఉంది. నువ్వే అక్కడ ఉండాల్సిందని అనిపించి ఎక్కువసేపు ఉండలేకపోయాను.

ఆ గుడికి 1290లో పునాది రాయి వేశారు. పక్క గోడలు ఒక వరస తెల్లరాయి, ఒక వరస నల్లరాయి. ముందు వైపు మాత్రం బంగారు రంగు మెరుపులతో, శిల్పాలతో నిండి ఉంటుంది. లొరెంజో మైతానీ 1310 నుంచి దాని పని చూశారు. గుమ్మాల పక్కన రాతి మీద బైబిలు కథలు చెక్కారు, కొన్ని మనిషి కళ్ళ ఎత్తులోనే ఉన్నాయి. ఎడమ చివర చూడు: ఆదాము ఒత్తిగిలి నిద్రపోతుంటాడు, దేవుడు వంగి అతని పక్కటెముక తీస్తున్నాడు. నిద్రపోయే బిడ్డను లేపకుండా చొక్కా విప్పే తల్లి చేతుల్లా ఉన్నాయి ఆ చేతులు. లోపల కుడివైపు గదిలో లూకా సిన్యొరెల్లి 1499 నుంచి వేసిన గోడ బొమ్మలు ఉన్నాయి. కడపటి దినాన చనిపోయినవాళ్ళు నేలలోంచి చేతులు ఆనించి పైకి లేస్తుంటారు, కొందరు ఇంకా ఎముకలే. భయం వేస్తుంది గానీ కళ్ళు తిప్పుకోలేం.

సాయంత్రం సంగతి మరీ ముఖ్యం. పొద్దున రైళ్ళలో వచ్చిన జనం ఐదారు గంటలకు వెళ్ళిపోతారు. అప్పుడు ఊరు ఊరివాళ్ళది అవుతుంది. దిగే పొద్దు ఎండ గుడి ముఖం మీద పడి ఒక్కో బొమ్మ వెలుగుతుంది. ముసలివాళ్ళు రాతి అరుగు మీద చేరతారు, పిల్లలు బంతి ఆడతారు, ఎవరూ ఎవరినీ తొందరపెట్టరు. రాత్రి అక్కడే ఉండేవాళ్ళకే ఇది దొరుకుతుంది. నాలుగు రోజులు కావాలని నేను పట్టుపట్టేది అందుకే.

ఊరి కింద ఇంకో ఊరుంది. మెత్తని రాయి కావడంతో మూడు వేల ఏళ్ళ నుంచి తవ్వుతూనే ఉన్నారు, 1,200 వరకు గుహలు ఉన్నాయట. ఎత్రుస్కన్లు అనే పాతకాలపు జనం తవ్విన సన్నని బావులకు ఎదురెదురు గోడల్లో కాలు పెట్టే గూళ్ళున్నాయి, మన పొలం బావుల్లో ఉన్నట్టే. పావురాలు పెంచడానికి గోడ నిండా చెక్కిన చదరపు గూళ్ళూ చూడవచ్చు. గుట్ట కింద వాళ్ళ సమాధులు వీధుల్లా వరసగా, చిన్న ఇళ్ళలా ఉన్నాయి. క్రీస్తుకు పూర్వం 6వ శతాబ్దం నాటివి. ప్రతి గుమ్మం పైన రాతిలో ఇంటివారి పేరు కుడి నుంచి ఎడమకు చెక్కారు. "నేను ఫలానావారిది" అని సమాధే చెబుతున్నట్టు ఉంటుంది ఆ రాత. క్రీస్తుకు పూర్వం 264లో రోమన్లు ఈ ఊరిని నాశనం చేసి జనాన్ని తరిమేశారు. ఆ పేర్లు మాత్రం గుమ్మాల మీద నిలిచిపోయాయి.

తిండికి దిగులు పడవద్దు. ఉంబ్రిచెల్లి అని ఒకటి చేస్తారు. గోధుమపిండీ నీళ్ళూ కలిపి అరచేతులతో లావుగా పేనిన పొడవాటి పోగులు. చూస్తే అమ్మ చేసే పాలతాలికలే అనుకుంటారు. టమాటా, వెల్లుల్లితో అడిగితే చేసి పెడతారు. ఈ ప్రాంతంలో త్రసిమేనో చెరువు దగ్గర చిన్న గింజలు పండిస్తారు, ఫజొలీనా అంటారు. తిని చూస్తే అలసందలు! అదే జాతి. నూనె, ఉప్పు వేసి ఉడికించి ఇస్తే గుంటూరు ఇంట్లో కూర్చున్నట్టే ఉంది. ఇక్కడి రొట్టెలో మాత్రం ఉప్పు వేయరు, అందుకని ఒక చిన్న సీసా ఆవకాయ తెచ్చుకోండి. రెండు తెస్తే ఒకటి నాకు.

అక్టోబరులో పగలు హాయిగా ఉంటుంది, సాయంత్రం స్వెట్టరు కావాలి. నాన్నగారికి అడుగు జారని బూట్లు కొనమని తమ్ముడితో చెప్పండి. వీధులన్నీ రాళ్ళు పరిచినవి, వాన పడితే జారతాయి. గుడికి దగ్గరలో, మెట్లు లేని కింది అంతస్తులో రెండు గదులు చూసి ఉంచాను. గురువారానికల్లా ఔనో కాదో చెప్పాలి.

ఆ టూరు వాళ్ళకు తమ్ముడు సోమవారం డబ్బు కడతానన్నాడు. ఈ ఉత్తరం ఫోనులో ఫొటో తీసి ఈ రాత్రికే పంపుతున్నాను. చదివిన వెంటనే ఆగమని చెప్పండి.

మీ కూతురు