అమెరికాలో, శాన్ ఆంటోనియోలో నాకు పొద్దున్నే అన్నం పెట్టినావిడకి

మా మనవరాలు పాపని ఈ మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్నాం. 44 రోజులు. పుట్టినప్పుడు కిలో మూడొందల గ్రాములు, ఇవాళ తూకంలో రెండు కిలోల రెండొందలు. రాత్రి పదకొండు దాటింది. కళ్ళు మండుతున్నాయి గానీ ఇది రాయకుండా పడుకుంటే నిద్ర పట్టదని తెలుసు, అందుకే కూచున్నా.

మా అమ్మాయి, అల్లుడు, గుంటూరు నుంచి రోజూ ఫోన్ చేసిన వియ్యపురాలు, టికెట్టు కొనిచ్చిన తమ్ముడు, అందరూ చెయ్యాల్సింది చేశారు. ఇంట్లోవాళ్ళకి థాంక్స్ చెబితే నవ్వుతారు. నేను రాయాలనుకున్నది వేరే ఆవిడ గురించి. పేరు పెట్టొద్దని అమ్మాయి అంది కాబట్టి పెట్టట్లేదు. ఆసుపత్రి ఎదురుగా రోడ్డు దాటితే నాలుగు కొట్ల వరసలో చివరిది ఒక మెక్సికన్ టిఫిన్ హోటలు. పొద్దున ఆరింటికి తీస్తారు, మధ్యాహ్నం రెండింటికి కట్టేస్తారు. అందులో పెనం దగ్గర నుంచునే పెద్దావిడ.

నేను అక్కడికెందుకు చేరానో చెప్పాలి. పాప ముప్పయ్యో వారంలోనే పుట్టింది. ఎన్‌ఐసీయూలో, అంటే పసిపిల్లల ఐసీయూలో, పెట్టారు. ఫ్లూ సీజను కాబట్టి చేతికి పట్టీ ఉన్నవాళ్ళకే లోపలికి ప్రవేశమట. పట్టీలు రెండే, తల్లికొకటి తండ్రికొకటి. రెండు విమానాలు మారి వచ్చిన అమ్మమ్మకి లేదు. అల్లుడు ఆఫీసుకి పోతూ ఆరింటికల్లా మమ్మల్ని దింపేవాడు. అమ్మాయి కడుపు మీద కుట్లింకా మానలేదు, పాల సీసాల సంచి నేనే మోసుకుంటూ నాలుగో అంతస్తు దాకా వెళ్ళేదాన్ని. తలుపు దగ్గర సంచి పుచ్చుకునేవాళ్ళు, నన్ను వెనక్కి పంపేవాళ్ళు. నా సంచికున్న విలువ నాకు లేకపోయింది. పోనీ వారానికోసారి ఓ పది నిమిషాలు? అదీ కుదరదు. రూలు పాప మంచికే అని నాకూ తెలుసు, సైన్సు తెలీనిదాన్ని కాదు. కానీ ఆ మాట చెప్పే ముఖం ఒక్కసారైనా నా వైపు చూసి చెబితే బాగుండేది. కంప్యూటరు వైపు చూసే చెప్పేవాళ్ళు.

మొదటి రోజు చలికి తట్టుకోలేక ఆ హోటల్లోకి దూరాను, ఆకలేసి కాదు. గోడ మీద బొమ్మల మెనూ ఉంది. నేను గుడ్డు కూడా ముట్టను. క్యాష్ కౌంటర్లో ఉన్న వాళ్ళబ్బాయికి ఇంగ్లీషు వచ్చు, వెజిటేరియన్ అని చెప్పి బీన్సూ అన్నమూ ఉన్న ప్లేటు బొమ్మ చూపించా. ప్లేటు వచ్చింది. చెంచా ఎత్తానో లేదో లోపల్నుంచి ఈవిడ తడి చేతులతో పరిగెత్తుకొచ్చి నా ముందునుంచి ప్లేటు లాగేసుకుంది. నేను బిక్కచచ్చిపోయా. ఏం తప్పు చేశానో తెలీదు. "మంతేకా, మంతేకా" అంటూ ముక్కు వేలితో పైకెత్తి పంది మూతి పెట్టి చూపించింది. బీన్స్ మెదిపి వేయించేది పంది కొవ్వులోనట. అన్నం ఉడికించింది కోడి నీళ్ళలో. బంగాళాదుంపలు వేయించి, వేడి వేడి టోర్టియాలు, అంటే వాళ్ళ పల్చటి రొట్టెలు, పెట్టి ఇంకో ప్లేటు తెచ్చింది.

మర్నాడు వెళ్ళేసరికి పొయ్యి మీద ఓ మూల చిన్న గిన్నె. ఉల్లిపాయా ఉప్పూ వేసి ఊరికే ఉడికించిన బీన్స్. నా కోసం. ఆ గిన్నె 40 రోజులపైన అక్కడే ఉంది. దాంట్లో వేరే గరిటె పెట్టనిచ్చేది కాదు. ఒకసారి కొత్తగా వచ్చిన వంట కుర్రాడు పెట్టబోతే వాడి చేతి మీద ఒక్కటేసింది.

అప్పట్నుంచి రోజూ కిటికీ పక్క బల్ల నాది. ఆదివారాలు మాత్రం తలుపు దగ్గర బల్లకి మార్చేది. ఆ రోజు బార్బకోవా అని ఆవు తలకాయ మాంసం, పొట్టపేగుల పులుసు చేస్తారు, జనం బయట దాకా నుంచుంటారు, ఆ వాసన నాకు పడదని ఆవిడే కనిపెట్టింది. నేను చెప్పలేదు. వెళ్ళేవాళ్ళు ప్రతి బల్ల దాటుతూ తెలిసినా తెలీకపోయినా "ప్రొవేచో" అనేసి పోతారు, తృప్తిగా తినండి అని. మన హోటళ్ళలో ఎవరూ అనరు, నేనొచ్చాక మొదలెడతా.

నిన్నటి టోర్టియాల్ని కోసి వేయించి సాస్‌లో కలిపి పెడతారు, చిలకీలెస్ అంటారు. రాత్రి మిగిలిన అన్నం పొద్దున్నే పులిహోర కలుపుకున్నట్టు. సాస్ కోసం టమాటాలు, మిరపకాయలు పెనం మీద నల్లగా కాల్చి మూడు కాళ్ళ రాతి రోట్లో నూరుతుంది. మా అమ్మ చేసే టమాటా రోటిపచ్చడి ఇంగువ ఒక్కటి తక్కువ. మిరపకాయ వాళ్ళ దేశాల్నుంచే పోర్చుగీసువాళ్ళ చేతుల మీదుగా మనకొచ్చిందని నరసరావుపేటలో ముప్పయ్యేళ్ళు సోషల్ క్లాసులో చెప్పినదాన్ని. చెప్పడమే, ఇలా ఎదురుగా కూచుని తింటాననుకోలేదు. ఇంకో వింత. కౌంటరు మీద గాజు జాడీలో ఎర్రటి షర్బత్, పేరు హమాయికా. దేంతో చేస్తారంటే ఎండబెట్టినవి గుప్పెడు తెచ్చి చూపించింది. తీరా చూస్తే గోంగూర! ఆకు కాదు, కాయ చుట్టూ ఉండే ఎర్ర రేకలు. మనం ఆకు తిని అది పారేస్తాం, వాళ్ళు అది తాగి ఆకు సంగతి పట్టించుకోరు. మర్నాడు మా ఊరి నుంచి తెచ్చిన గోంగూర పచ్చడి ఇస్తే టోర్టియాకి రాసుకుని తిని, కళ్ళు మూసుకుని, ఇంకొంచెం రాసుకుంది. సీసా తిరిగివ్వలేదు.

పందొమ్మిదో రోజు. పాపకి పొట్ట ఉబ్బింది, పాలు ఆపేశారు, పేగులకి ఇన్ఫెక్షనేమోనని ఎక్స్‌రేల మీద ఎక్స్‌రేలు. అమ్మాయి లోపల, నేను బయట. రోడ్డెలా దాటానో తెలీదు. కూచున్నా. ఏమీ అడగలేదు, అడిగే ఓపిక లేదు. జనం నిండుగా ఉన్నారు, ఆర్డర్ల చీటీలు తీగకి వేలాడుతున్నాయి. ఆవిడ పెనం మీంచి ఒక టోర్టియా ఉత్త చేత్తో తీసి, అరచేతిలో వేసుకుని, చిటికెడు ఉప్పు చల్లి, రెండో అరచేత్తో ఒక్క దొర్లింపు దొర్లించి చుట్ట చేసింది. తెచ్చి నా చేతిలో పెట్టి నా వేళ్ళు దాని చుట్టూ మూసింది. "కోమే, మీహా" అంది. తిను తల్లీ అని. ఆవిడ నాకంటే ఓ పదేళ్ళు పెద్దదై ఉంటుంది. నాకు అరవై రెండు. నన్ను ఎవరైనా అలా పిలిచి పన్నెండేళ్ళయింది, అమ్మ పోయినప్పట్నుంచి.

ఏడ్చేశాను. పమిట నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. మా అమ్మ వేడన్నంలో ఉప్పూ నెయ్యీ వేసి ఇలాగే, అడక్కుండానే, ముద్ద చేతిలో పెట్టేది. ఆవిడ పక్కన కూచుని నా వీపు మీద చెయ్యి వేసి ఊరికే ఉంది. పెనం మీద టోర్టియా మాడి పొగలొస్తోంది, కొడుకు కేకేస్తున్నాడు, లేవలేదు. పొయ్యి చుట్టూ తిరిగే పిల్లలకి వాళ్ళ ఊళ్ళో మొదటి టోర్టియా ఇలా ఉప్పేసి చుట్టిస్తారని తర్వాత వాళ్ళబ్బాయి చెప్పాడు. ఇన్ఫెక్షను మందులకి లొంగింది, వారానికి పాలు మళ్ళీ మొదలెట్టారు. ఆ మాట అమ్మాయి ఫోన్లో చెప్పగానే నేను ముందు చెప్పింది ఆవిడకే. ఎలా చెప్పానంటే, పాల సీసా పట్టినట్టు చెయ్యి పెట్టి చూపించా. దాచుకున్న కాఫీ తెచ్చి, మట్టికుండలో దాల్చినచెక్కా అచ్చు బెల్లమూ వేసి కాచింది. అది మెనూలో లేదు.

డబ్బు సంగతి కూడా చెబుతా, లేకపోతే ఊరకే తిన్నాననుకుంటారు. ప్లేటుకి తీసుకునేవాళ్ళు, కాఫీకి ఎప్పుడూ తీసుకోలేదు. అదే ఆసుపత్రి సంగతి చూడండి. పాపకి నోటితో పాలు తాగడం రాకముందే దాని పేరు మీద బిల్లొచ్చింది. పుట్టిన చోట ఇంత చిన్న పిల్లలకి వసతి లేదని అంబులెన్సులో ఇక్కడికి మార్చారు కదా, ఆ అంబులెన్సు మా ఇన్సూరెన్సు నెట్‌వర్క్‌లో, అంటే కంపెనీతో ఒప్పందం ఉన్నవాళ్ళ జాబితాలో, లేదట. 2022 నుంచి ఇలాంటి అదనపు వడ్డింపులు కూడదని చట్టం ఉందిట, హెలికాప్టరు అంబులెన్సుకి కూడా వర్తిస్తుందిట, రోడ్డు మీద పోయేదానికి మాత్రం లేదుట! పసిగుడ్డు నెట్‌వర్క్ చూసుకుని బండెక్కాలా? అల్లుడు ఆ కాగితం బోర్లించి పెట్టాడు, ఇప్పటికీ అలాగే ఉంది. వద్దులెండి, ఇవాళ ఆ ఊసెత్తకూడదనుకున్నా.

ఇవాళ ఇంటికి వస్తూ కారు ఆపించాం. ఆవిడ ఏప్రాన్‌కి చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది, పాపని ముట్టుకోలేదు, కారు అద్దంలోంచే చూసింది. ఇన్నాళ్ళూ ముట్టుకోలేని నా లాగే. చూసి నా బుగ్గ నిమిరి లోపలికి వెళ్ళిపోయింది, లోపల ఆర్డర్లున్నాయి. గ్రాసియాస్ అన్నాను. వినపడిందో లేదో.

అయ్యో, రాత్రి డ్యూటీ మలయాళీ నర్సమ్మని మర్చిపోయా, పాప చెయ్యి వీడియో తీసి అమ్మాయి ఫోన్‌కి పంపింది నా కోసమే. పాలు దానం చేసిన తల్లులెవరో తెలీదు, మొదటి వారం పాప బతికింది ఆ పాలతోనే. పులిహోర డబ్బాలు తెచ్చిన రెండో అంతస్తు తెలుగమ్మాయికి కూడా, డబ్బాలు కడిగి పెట్టా, తీసుకెళ్ళు. ఇంకొకడు, ఆ హోటల్లో బల్లలు తుడిచే పిల్లాడు. నా కళ్ళజోడు మర్చిపోతే రెండుసార్లు రోడ్డు దాటి పరిగెత్తుకొచ్చి ఇచ్చాడు. ఇవాళ కూడా అక్కడే వదిలేసినట్టున్నా. ఇది అల్లుడి జోడు పెట్టుకుని రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి.