మోరిస్ మైనర్ ట్రావెలర్ పేరుతో మీరు అమ్మకానికి పెట్టిన బండిపై ఫిర్యాదు, టోకెన్ వాపసు గురించి

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నమస్కారం. "1955 మోరిస్ మైనర్ ట్రావెలర్, ఒరిజినల్ చెక్క బాడీ, ఒరిజినల్ 803 సీసీ ఇంజన్, వింటేజ్ నెంబరు ఈజీగా వస్తుంది" అని మీరు ఇచ్చిన యాడ్ చూసి, బండి వేరేవాళ్లకు పోతుందేమోనన్న టెన్షన్‌లో అదే రోజు 50,000 రూపాయలు టోకెన్ కట్టాను. తీరా వచ్చి చూస్తే అది ట్రావెలర్ కాదు. డబ్బు తిరిగి ఇవ్వమంటే "పాత బండ్లు ఉన్నది ఉన్నట్టే అమ్ముతాం సార్, టోకెన్ వాపసు ఉండదు" అని మీవాళ్లు ఫోన్ పెట్టేశారు. యాడ్‌లో ఉన్నది ఉన్నట్టు రాసి ఉంటే నేను రూపాయి కూడా కట్టేవాణ్ణి కాదండీ.

మోరిస్ మైనర్ కారంటే మా ఇంట్లో ప్రాణం. మన దేశంలో బేబీ హిందుస్థాన్ అనే పేరుతో వచ్చింది అదే కారు, మా తాతగారు రాజమండ్రిలో అదే నడిపేవారు. దానికే వెనక చెక్క ఫ్రేముతో 1953లో ఇంగ్లండులో మొదలైన స్టేషన్ వ్యాగన్ (కప్పు వెనకదాకా ఉండి సామాను పట్టే కారు) ఈ ట్రావెలర్. అక్కడ 1971 దాకా తయారైంది కాబట్టి ఇంకా చాలానే తిరుగుతున్నాయి. ఇక్కడ మాత్రం అమ్మకానికి వచ్చిందంటేనే విశేషం. అందుకే మేం ముగ్గురం, నేనూ, మా మెకానిక్ బాబాయ్, విజయవాడలో ల్యాండ్‌మాస్టర్ అనే పాత కారు ఉన్న మా ఫ్రెండూ, పోయిన నెల 14న గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాద్ వచ్చాం.

మీ యార్డులో మొదట కంటపడింది ముందు అద్దం. 1955 బండికి అది మధ్యలో పట్టీతో రెండు ముక్కలుగా ఉండాలి. ఇక్కడ ఒకే పెద్ద వంపు అద్దం. పగిలితే తర్వాత మార్చి ఉంటారులే అని మా ఫ్రెండు మీ తరఫునే వాదించాడు. అలా మార్చడం కుదరదు, 1956లో 948 సీసీ ఇంజన్‌తో మైనర్ 1000 వచ్చినప్పుడు అద్దంతో పాటు అది కూర్చునే చోటునే పెద్దది చేశారని బాబాయ్ చెప్పారు. అంటే యాడ్‌లో మీరు రాసిన సంవత్సరం దగ్గరే తప్పు మొదలైంది.

తర్వాత చెక్క. చెక్క మార్చినందుకు నాకు అభ్యంతరం లేదని మీకు స్పష్టంగా చెప్పాలి. ట్రావెలర్ ఫ్రేముకు వాడిన యాష్ అనే కలప తడికి నల్లబడి పుచ్చిపోతుంది, ఇంగ్లండులో కూడా చాలామంది కొత్తది వేయించుకుంటారు. కానీ ట్రావెలర్‌కు ఆ చెక్క సోకు కోసం పెట్టింది కాదు, వెనక బాడీ బరువంతా మోసేది అదే. అందుకే అక్కడ ఇలాంటి పాత బండ్లకు 2018 దాకా ఏటా తప్పనిసరిగా జరిగిన ఫిట్‌నెస్ పరీక్షలో చెక్క పుచ్చితే బండిని ఫెయిల్ చేసేవారు. మీ బండిలో బాబాయ్ వేలితో తడితే చెక్క వెనకాల రేకు ఖంగుమంది. ఫ్రేము మధ్య ఉండే పలకలు అల్యూమినియంవి, వాటికి అయస్కాంతం అంటుకోకూడదు. జేబులోంచి అయస్కాంతం తీసి పెడితే టక్కున అతుక్కుంది. లోపలి లైనింగ్ కొంచెం పక్కకు తీస్తే వెల్డింగ్ గీతలు కనపడ్డాయి. సెలూన్ అనే మామూలు డిక్కీ కారును ముందు డోర్ల వెనక నుంచి కోసేసి, రేకు పెట్టె అతికించి, పైన టేకు పట్టీలు స్క్రూలతో బిగించారు. పక్కకు జరిగే అద్దాలు ఉండాల్సిన చోట రబ్బరు బీడింగుతో కదలని గాజు వేశారు. ఒక మంచి మైనర్‌ను అలా కోసేశారని చూసి ముగ్గురం కాసేపు మాట్లాడలేకపోయాం.

బానెట్ ఎత్తితే లోపల ఉన్నది ప్రీమియర్ పద్మిని ఇంజన్. పాతికేళ్లు పద్మినిలు రిపేర్ చేసిన బాబాయ్‌కి అది గుర్తుపట్టడానికి నిమిషం కూడా పట్టలేదు.

ఇక వింటేజ్ నెంబరు మాట. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధన ప్రకారం 50 ఏళ్లు దాటి, ఛాసిస్‌లో, బాడీలో, ఇంజన్‌లో పెద్ద మార్పులు చేయని బండికే 'వీఏ' సిరీస్ వింటేజ్ నెంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. బాడీ కోసి ఇంజన్ మార్చిన ఈ బండికి ఆ నెంబరు ఎలా వస్తుంది? కొన్నవాళ్లు ఆర్టీఏ ఆఫీసు చుట్టూ తిరిగి చివరికి ఉత్త చేతులతో ఇంటికి వెళ్లాల్సిందే.

ఈ బండిని "మైనర్ సెలూన్ మీద ఇక్కడ కట్టిన వ్యాగన్, పద్మిని ఇంజన్" అని నిజం రాసి, దానికి తగ్గ ధరకు పెట్టండి, ఇష్టపడి కొనేవాళ్లు ఉంటారు. ట్రావెలర్ అనే పేరు మాత్రం తీసేయాలి. నిన్న రాత్రి కూడా యాడ్ అలాగే ఉంది, ఎవరో ఒకరు ఈపాటికి అప్పు చేసి టోకెన్ కట్టే ఉంటారేమో అని నాకు నిజంగా బాధగా ఉంది.

నా 50,000 రూపాయలు 15 రోజుల్లో నా ఖాతాలో వేయండి. లేదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు కూడా వేస్తాను. యాడ్ స్క్రీన్‌షాట్లు, టోకెన్ రసీదు, ఆ రోజు తీసిన ఫొటోలు ఈ లేఖతో పంపుతున్నాను. వెల్డింగ్ గీతల ఫొటో తప్పకుండా చూడండి.

ఇట్లు,
టోకెన్ కట్టిన కొనుగోలుదారు,
రాజమహేంద్రవరం