చేపపిల్ల పొడవుతో పాటు పుట్టుకా తెలియాలి

తెలంగాణ రాష్ట్ర మత్స్యశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను హైదరాబాద్‌లో జంతుశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన అధ్యాపకుడిని. నిరుడు వానాకాలం మా సొంతూరి చెరువు కట్ట మీద, ఆక్సిజన్ నింపిన సంచుల్లో వచ్చిన చేపపిల్లలను దింపుతుంటే మత్స్య సహకార సంఘం వారి పక్కన నిలబడి చూశాను. స్కేలు పెట్టి పొడవు చూశారు, గిన్నెతో కొలిచి లెక్క రాసుకున్నారు. అరచేతిలోకి తీసుకున్న ఒక పిల్లకు తల బొచ్చెలా పెద్దగా, ఒళ్లు రోహులా సన్నగా ఉంది. ఇవి ఎక్కడి తల్లిచేపల పిల్లలని సంఘం పెద్ద అడిగితే తెచ్చినవారి దగ్గర జవాబు లేదు.

2016లో మొదలైన ప్రభుత్వ ఉచిత చేపపిల్లల పంపిణీలో చిన్న చెరువులకు 35 నుంచి 40, జలాశయాలకు 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్లలు కావాలని నియమం పెట్టుకున్నాం కానీ, వాటి వంశం గురించి అడగడం లేదు. హేచరీలో, అంటే చేపపిల్లలను పుట్టించే కేంద్రంలో, ఏటా అవే కొద్ది తల్లిచేపలను వాడితే దగ్గరి రక్తంలోనే కలయిక జరిగి సంతతి ఎదుగుదల తగ్గుతుంది. బొచ్చె, రోహు ఒకే తొట్టిలో గుడ్లు పెడితే సంకర పిల్లలు పుడతాయి, అవి గొడ్డుపోవు కూడా. అటువంటివి శ్రీరాంసాగర్‌లోనో నాగార్జునసాగర్‌లోనో పడి అక్కడి చేపలతో కలిశాక మళ్లీ విడదీయడం ఎవరి తరమూ కాదు. భువనేశ్వర్‌లో వేగంగా ఎదిగే జయంతి రోహు రకాన్ని రూపొందించిన శాస్త్రవేత్తలు గంగ, యమున, బ్రహ్మపుత్ర, సట్లెజ్, గోమతి నదుల చేపలను ఏరి తెచ్చుకున్నది కూడా పుట్టుకలోని ఆ వైవిధ్యం కోసమే.

ఇందుకు కావలసిన పని చాలా చిన్నది. తల్లిచేప, మగచేప రెక్కల అంచు నుంచి గోటిలో సగమంత ముక్క తీసి స్పిరిట్‌లో వేస్తే చేపకు ప్రాణహాని ఉండదు. ఆ డీఎన్‌ఏ నమోదైతే వాటికి పుట్టిన లక్షల పిల్లలకు విడిగా ఏ గుర్తూ కట్టనక్కరలేదు. ఏడాది తర్వాత వలలో పడ్డ చేప మనం వదిలినదా, అక్కడే పుట్టినదా అన్నది పరీక్షలో తేలుతుంది. అమెరికాలో స్నేక్ నది హేచరీల సాల్మన్ చేపలకు 2008 నుంచి ఇదే పద్ధతి పాటిస్తున్నారు. ఐరోపాలో కాడ్, హెర్రింగ్ వంటి చేపలు ఏ సముద్ర ప్రాంతానివో డీఎన్‌ఏను బట్టి 93 నుంచి 100 శాతం కచ్చితంగా చెప్పవచ్చని 2012లో ప్రచురితమైన అధ్యయనం చూపింది. అయితే పోల్చి చూడడానికి ముందుగా నమూనాల భాండాగారం ఉండాలి, అది ఒక్క రోజులో తయారయ్యేది కాదు.

జాతీయ మత్స్య అభివృద్ధి మండలి, హబ్సిగూడలోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం (సీసీఎంబీ) రెండూ మన నగరంలోనే ఉన్నాయి కనుక ఈ భాండాగారాన్ని ఇక్కడే మొదలుపెట్టండి. అందులో మొదటి చోటు మన రాష్ట్ర చేప కొర్రమీనుకు దక్కాలి. మృగశిర కార్తె నాడు రామ్‌నగర్ మార్కెట్‌లో జనం ఎగబడి కొనే ఈ చేప, చెరువుల్లో కుంటల్లో నిలిచి బతుకుతుంది గనుక ప్రాంతాన్ని బట్టి దాని వంశం వేరయ్యే అవకాశం ఎక్కువ. జిల్లాల వారీగా నమూనాలు సేకరించకముందే ఒకే హేచరీ సంతతిని రాష్ట్రమంతా వదిలితే ఆ తేడా చెరిగిపోతుంది.

వచ్చే టెండరులో, తల్లిచేపల రెక్క నమూనాలు శాఖకు అప్పగించిన హేచరీల పిల్లలనే తీసుకుంటామన్న నిబంధన చేర్చవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు,
హైదరాబాద్