ఎనిమిది బైట్ల సంగతి ఒక చీటీ మీద రాయలేరా?

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ టెక్నాలజీ పేజీలో యూఎస్‌బీ టెంపరేచర్ సెన్సర్ల మీద వేసిన వ్యాసం చదివాను. సర్వర్ రూముల్లో, మందులు దాచే ఫ్రిజ్‌ల దగ్గర, నారు పెంచే షెడ్లలో ఇవి ఎలా పనికొస్తాయో బాగానే రాశారు గానీ, చివర్లో ఇవి విండోస్‌కే, లినక్స్ వాడేవాళ్లు వీటి జోలికి వెళ్లొద్దని ఒక్క ముక్కలో తేల్చేశారు చూడండి, అది మాత్రం తప్పు. లినక్స్‌లో ఇవి శుభ్రంగా పనిచేస్తాయి, ఓపెన్‌బీఎస్‌డీ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్‌లో అయితే ఇంకా హాయిగా పనిచేస్తాయి. వాటిని దారికి తెచ్చుకోడానికి మనం పడే తిప్పలకి కారణం, సెన్సర్ పంపే అంకెలకి అర్థం ఏంటో తయారుచేసినవాళ్లు ఎక్కడా రాయకపోవడం. మీ వ్యాసంలో అసలు లేనిది కూడా అదే.

డబ్బాలో ఏముంటుందో మీకూ తెలిసే ఉంటుంది. వేలెడంత సెన్సర్, విండోస్ ప్రోగ్రామ్ ఉన్న చిన్న సీడీ ఒకటి (సీడీ డ్రైవే లేని ల్యాప్‌టాప్‌లు వచ్చి ఎన్నేళ్లయిందో వాళ్లకెవరూ చెప్పినట్టు లేదు), బొమ్మలతో ఒక మడత కాగితం. ఆ ప్రోగ్రామ్‌లో ఏ బటన్ ఎక్కడుందో కాగితంలో ఉంటుంది, సెన్సర్ నుంచి రీడింగ్ ఎలా రాబట్టాలో మాత్రం ఉండదు. నాకు అమ్మినవాళ్లని అడిగితే "విండోస్ వేసుకోండి సార్" అన్నారు. గదిలో వేడి ఎంతుందో తెలుసుకోడానికి ఆపరేటింగ్ సిస్టమే మార్చేయాలట!

నిజానికి ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. ఈ సెన్సర్లలో చాలా భాగం, ముఖ్యంగా టెంపర్ అనే పేరుతో రకరకాల మోడళ్లలో దొరికేవి, కంప్యూటర్‌కి తగిలించగానే హెచ్‌ఐడీ పరికరాలమని చెప్పుకుంటాయి, అంటే కీబోర్డు, మౌస్ కోవలోకి వస్తాయన్నమాట. విడిగా డ్రైవర్ వేసుకోమని ఎవర్నీ అడగక్కర్లేకుండా ఆ దారి పట్టారు, తెలివైన పనే. కొన్ని మోడళ్లయితే నిజంగానే కీబోర్డు వేషం వేస్తాయి: క్యాప్స్ లాక్ కాసేపు నొక్కి పట్టుకుంటే, అప్పుడు ఏ విండో తెరిచి ఉంటే అందులో ఉష్ణోగ్రతని టకటకా టైప్ చేసేస్తాయి. మీరు రాసుకుంటున్న మెయిల్ మధ్యలో డిగ్రీలు వచ్చి పడితే టెన్షన్ పడకండి, వైరస్ కాదు.

లినక్స్‌లో, తగిలించిన యూఎస్‌బీ పరికరాల జాబితా చూపే ఎల్ఎస్‌యూఎస్‌బీ కమాండ్ కొడితే సెన్సర్ ఐడీ కనిపిస్తుంది. పాతవాటిలో ఎక్కువగా 0సీ45:7401, తర్వాత వచ్చినవాటిలో 413డీ:2107. కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ) రాసే సందేశాలు చూపే డీమెస్గ్ కమాండ్ కొడితే, పరికరాలు ఫైళ్లలా కనిపించే డెవ్ డైరెక్టరీలో ఒకే సెన్సర్‌కి రెండు హిడ్‌రా ఫైళ్లు, అంటే హెచ్‌ఐడీ పరికరంతో నేరుగా బైట్లు ఇచ్చిపుచ్చుకునే దారులు, వచ్చినట్టు తెలుస్తుంది. మొదటిది ఆ కీబోర్డు వేషానిది, మనకి కావలసింది రెండోది. మొదటిదానితో కుస్తీ పట్టి, ఎంతకీ జవాబు రాక, సెన్సర్ పాడైందనుకుని వాపసు ఇచ్చేసేవాళ్లు ఉన్నారు, వాళ్ల తప్పేం లేదు, చెప్పే దిక్కు ఉంటే కదా.

ఆ రెండోదానికి ఎనిమిది బైట్లు పంపాలి: 01 80 33 01, తర్వాత 00 నాలుగుసార్లు (ఈ బైట్లన్నీ హెక్స్‌లో, అంటే పదికి బదులు పదహారు చొప్పున లెక్కపెట్టే పద్ధతిలో రాసినవి, అందులో ఏ అంటే 10, ఎఫ్ అంటే 15). ఇక్కడో మెలిక ఉంది. హిడ్‌రా ఫైల్‌కి రాసేటప్పుడు అన్నిటికన్నా ముందు రిపోర్ట్ నంబర్ కోసం ఒక బైట్ ఇవ్వాలి, ఈ సెన్సర్లకి రిపోర్ట్ నంబర్లంటూ లేవు కాబట్టి అక్కడ సున్నా పెట్టాలి, అంటే మనం తొమ్మిది రాస్తే సెన్సర్‌కి ఎనిమిది చేరతాయి. ఇంకో మెలిక, ఆ ఫైల్‌ని రాయడానికీ చదవడానికీ ఒకేసారి తెరిచి ఉంచాలి. ముందు రాసి, మూసేసి, మళ్లీ తెరిచి చదువుదామంటే ఈలోపు జవాబు వచ్చి వెళ్లిపోయి ఉంటుంది, ఎందుకంటే ఫైల్ తెరిచి పెట్టుకున్నవాళ్ల కోసమే కెర్నెల్ ఆ జవాబుని పట్టి ఉంచుతుంది. ఈ రెండూ తెలిస్తే మిగతాది కమాండ్లు కొట్టే షెల్‌లో మూడు నాలుగు లైన్ల పని, ఏ ప్రోగ్రామూ డౌన్‌లోడ్ చేసుకోనక్కర్లేదు.

తిరిగి వచ్చేది కూడా ఎనిమిది బైట్లే. ఉదాహరణకి 80 80 0బీ 5ఏ 4ఈ 20 00 00 అని వచ్చిందనుకోండి. మూడో, నాలుగో బైట్లలో ఉంటుంది ఉష్ణోగ్రత. 0బీ అంటే 11, 5ఏ అంటే 90, కాబట్టి 11ని 256తో గుణించి 90 కలిపితే 2906, దాన్ని వందతో భాగిస్తే 29.06 డిగ్రీల సెల్సియస్. ఐదు, ఆరు బైట్లు వైరుతో బయటికి తగిలించుకునే ప్రోబ్‌వి. 4ఈ 20 అంటే 20000, వందతో భాగిస్తే 200 డిగ్రీలు. గది తగలబడిపోతోందని కాదండీ, ప్రోబ్ తగిలించలేదని దానర్థం! ఈ ముక్క మనకి ఎలా తెలిసిందంటారు? విండోస్‌ని లినక్స్ లోపలే వర్చువల్ మెషిన్‌లో నడిపించి, కింద లినక్స్‌లో యూఎస్‌బీ రాకపోకల్ని గమనించే యూఎస్‌బీమాన్ మాడ్యూల్ లోడ్ చేసి, వాటిని తెర మీద చూపే వైర్‌షార్క్ ప్రోగ్రామ్‌లో పోయే బైట్లూ వచ్చే బైట్లూ చూస్తూ, సెన్సర్‌ని గుప్పిట్లో పట్టుకుని వేడెక్కిస్తే ఏ అంకె పెరుగుతోందో కనిపెట్టుకోవాలి. కాగితం ఇవ్వని పరికరాల గుట్టు బయటపడేది ఇలాగే. ఎవరో ఒకరు ఓపిగ్గా కూర్చుని చేసి పెడితే మిగతావాళ్లం వాడుకుంటున్నాం.

సరే, అంతటితో అయిపోయిందా అంటే లేదు. పాత 0సీ45:7401 రకంలో భాగించాల్సింది 100తో కాదు, 256తో. అదే 29 డిగ్రీల గదిలో అది 1డీ 10 అని పంపుతుంది, అంటే 7440, 256తో భాగిస్తే 29.06. ఈ లెక్క తెలియక దాన్ని వందతో భాగించారనుకోండి, 74.40 వస్తుంది, కంగారుగా మెషీన్లన్నీ ఆపేస్తారు. కొత్తదాని 2906ని 256తో భాగిస్తే 11.35 వస్తుంది, ఇంత చల్లగా ఎందుకని ఏసీ ఆపేస్తారు. 74 వచ్చినప్పుడైనా ఎవరికో ఒకరికి అనుమానం వస్తుంది, 11 అలా కాదు, చూడ్డానికి మామూలు అంకెలాగే ఉంటుంది కాబట్టి అదే ఎక్కువ ప్రమాదం.

పోనీ ఐడీని బట్టి లెక్క మార్చుకుందామా అంటే అదీ కుదరదు. 413డీ:2107 అనే ఒకే ఐడీతో లోపల వేరు వేరు ఫర్మ్‌వేర్లు (సెన్సర్‌ని నడిపే లోపలి ప్రోగ్రామ్‌లు) ఉంటాయి. ఒకదాంట్లో ఐదు, ఆరు బైట్లు బయటి ప్రోబ్ ఉష్ణోగ్రత, ఇంకోదాంట్లో అవే రెండు బైట్లు గాలిలో తేమ శాతం. అందుకని ముందుగా 01 86 ఎఫ్‌ఎఫ్ 01, ఆ వెనక మళ్లీ నాలుగు సున్నా బైట్లు పంపి ఫర్మ్‌వేర్ పేరు అడగాలి, టెంపర్‌గోల్డ్ అనో టెంపర్‌ఎక్స్ అనో వెర్షన్ నంబర్‌తో సహా జవాబు వస్తుంది, దాన్ని బట్టి లెక్క కట్టాలి. పేరు చెప్పే తెలివి లోపలే పెట్టారు, ఆ పేరుకి ఏ లెక్కో రాసిన చీటీ ఒక్కటి డబ్బాలో పెట్టడానికి ఏం పోయిందో నాకు అర్థం కాదు.

ఫ్రీజర్‌లో ప్రోబ్ పెట్టేవాళ్లకి ఇంకో సంగతి. సున్నాకి దిగువన ఈ అంకెలు టూస్ కాంప్లిమెంట్ అనే పద్ధతిలో వస్తాయి, అంటే వచ్చిన అంకెలోంచి 65536 తీసేస్తే అసలు విలువ తేలుతుంది. ఎఫ్‌ఎఫ్ 9సీ అని వస్తే అది మైనస్ 1.00 డిగ్రీ, గుర్తు సంగతి పట్టించుకోని స్క్రిప్ట్ మాత్రం దాన్ని 654.36 అని చూపిస్తుంది.

పర్మిషన్ల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే జనం ఇక్కడే అడ్డదారులు తొక్కుతారు. హిడ్‌రా ఫైళ్లు మామూలుగా రూట్‌కి, అంటే సర్వాధికారాలున్న ఖాతాకి, తప్ప ఎవరికీ తెరుచుకోవు. కమాండ్ ముందు సుడో పెట్టి రూట్‌గా నడిపితే నడుస్తుంది గానీ, రెండు బైట్లు చదవడానికి రూట్ ఎందుకండీ? తగిలించిన పరికరాల ఫైళ్లని చూసుకునే యూడెవ్‌లో ఒక్క లైన్ రూల్ రాసి, ఆ ఐడీ ఉన్న సెన్సర్‌ని మాత్రం ఒక గ్రూపుకి ఇచ్చేస్తే సరిపోతుంది. అదే రూల్‌లో ఒక సిమ్‌లింక్, అంటే ఆ ఫైల్‌కి ఎప్పుడూ మారని మారుపేరు, కూడా పెట్టుకోండి, రీబూట్ అయినప్పుడో పక్క పోర్టులో ఇంకేదైనా తగిలించినప్పుడో హిడ్‌రా వెనకున్న నంబర్ మారిపోతుంది కాబట్టి. రూల్ రాశాక సెన్సర్‌ని ఒకసారి ఊడదీసి మళ్లీ పెట్టాలి. కొందరు ఐడీ రాసే ఓపిక లేక హిడ్‌రా ఫైళ్లన్నిటినీ అందరికీ తెరిచేయమంటారు, దయచేసి ఆ పని చేయకండి. యూఎస్‌బీ కీబోర్డుకి కూడా హిడ్‌రా ఫైల్ ఉంటుంది, అది తెరిచి ఉంటే ఆ మెషీన్‌లో ఖాతా ఉన్న ఎవరైనా మీరు కొట్టే పాస్‌వర్డులు చదివేయొచ్చు.

ఇప్పుడు ఓపెన్‌బీఎస్‌డీ సంగతి చూడండి. అక్కడ యూగోల్డ్ అనే డ్రైవర్ కెర్నెల్‌లోనే ఉంది. సెన్సర్ తగిలించి, సిస్‌సీటీఎల్ కమాండ్‌తో హెచ్‌డబ్ల్యూ.సెన్సర్స్ అని అడిగితే డిగ్రీలు నేరుగా తెర మీద కనిపిస్తాయి, ప్రాసెసర్ వేడి, ఫ్యాన్ వేగం చూపించే చోటే. బైట్లు లేవు, భాగాహారాలు లేవు. సెన్సర్లని కనిపెట్టుకుని ఉండే సెన్సర్స్‌డీ ప్రోగ్రామ్ కాన్ఫిగరేషన్ ఫైల్‌లో ఒక లైన్ రాస్తే, వేడి హద్దు దాటగానే లాగ్‌లో రాసి మనం చెప్పిన కమాండ్ నడిపిస్తుంది. దాని చుట్టం ఫ్రీబీఎస్‌డీలో, యూఎస్‌బీ పరికరాలతో మాట్లాడే లిబ్‌యూఎస్‌బీ లైబ్రరీ సిస్టమ్‌తో పాటే వస్తుంది, దాని మీద చిన్న ప్రోగ్రామ్ రాసుకుంటే పనైపోతుంది. మరి విండోస్‌కే పనికొస్తాయని ఎలా రాశారు?

తయారీదారు కాగితం ఇస్తే ఎంత తేడా ఉంటుందో చూడాలంటే డీఎస్18బీ20 అనే ఉష్ణోగ్రత కొలిచే చిప్ ఉంది. చౌకగా దొరికే బుల్లి చిప్, యూఎస్‌బీ అడాప్టర్ ద్వారా తగిలించుకోవచ్చు, డీఎస్2490 చిప్ ఉన్న అడాప్టర్‌కి లినక్స్ కెర్నెల్‌లో డ్రైవర్ ఉంది. డీఎస్18బీ20 డేటాషీట్, అంటే తయారీదారు ఇచ్చే వివరాల కాగితం, ఎవరైనా చదువుకోవచ్చు. మైనస్ 10 నుంచి 85 డిగ్రీల దాకా అర డిగ్రీ అటూ ఇటూ ఉండొచ్చని, 12 బిట్లలో 0.0625 డిగ్రీ మెట్టుతో కొలుస్తుందని, ఒక్కో కొలతకి 750 మిల్లీసెకన్ల దాకా పడుతుందని అందులో ఉంది. కరెంట్ ఇచ్చాక ఇంకా కొలవకముందే అడిగితే 85 డిగ్రీలని చెబుతుందనీ ఉంది. అంటే ఆ 85 ఉత్తుత్తి అంకె అని ముందే తెలుసు, స్క్రిప్ట్‌లో జాగ్రత్త పడతాం. పైన చెప్పిన 200 కూడా అలాంటి ఉత్తుత్తి అంకేగా, అది మాత్రం ఎవరో తవ్వి తీస్తేగానీ తెలియలేదు.

మీ వ్యాసంలో సెన్సర్‌ని నేరుగా మెషీన్ వెనక పోర్టులో గుచ్చిన ఫొటో వేశారు. అలా పెడితే అది కొలిచేది గదిని కాదు, మెషీన్ వెనక నుంచి కొట్టే వేడి గాలిని. ఎక్స్‌టెన్షన్ కేబుల్ వేసి ఎడంగా వేలాడదీయాలి, మామూలు థర్మామీటర్ ఒకటి పక్కన పెట్టి కొన్ని గంటలు పోల్చి చూసుకుని, తేడా ఎంతుంటే అంత స్క్రిప్ట్‌లో కలుపుకోవాలి. ఇది ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌కైనా ఒకటే.

నేను అడిగేది రెండు. ఆ ఆఖరి వాక్యానికి సవరణ వేయండి. గాడ్జెట్లకి స్టార్ల రేటింగ్ ఇస్తుంటారు కదా, ఆ పట్టికలో డేటా ఫార్మాట్ బయటపెట్టారా లేదా అని ఇంకో గడి చేర్చండి. పేపర్లో ఆ గడి ఖాళీగా కనపడితేనైనా వాళ్లలో కదలిక వస్తుందేమో చూద్దాం. ఉత్తరం పొడుగైంది, స్థలం చాలకపోతే కుదించుకోండి గానీ ఆ 100, 256 లెక్క మాత్రం తీసేయకండి, దాని కోసమే వెతుక్కునేవాళ్లు ఉంటారు.

ఇట్లు,
మీ పాఠకుడు