కాంటా పెట్టెలకు పంపిన లినక్స్ అప్‌డేట్‌తో తప్పుడు బరువులు: ఫిర్యాదు

మిర్యాలగూడ,
నల్లగొండ జిల్లా.

సాంకేతిక విభాగం మేనేజర్ గారికి,

విషయం: అప్‌డేట్ తర్వాత ఇండికేటర్ పోర్టు మాయమవడం, స్క్రీన్ మీద పాత బరువు నిలిచిపోవడం, ఫిర్యాదును విచారించకుండా మూసేయడం గురించి.

అయ్యా,

మీరు సరఫరా చేసిన కాంటా బిల్లింగ్ పెట్టెల్లో (బరువు చదివి స్లిప్పు కొట్టే కంప్యూటర్లలో) లినక్స్ సిస్టమ్ ఉబుంటు 20.04 తీసేసి 22.04 ఎక్కించారు. 20.04కు మామూలు సపోర్టు 2025 మేతోనే అయిపోయింది కాబట్టి మార్చడం సబబే, దాని మీద మాకు పేచీ లేదు. కానీ మార్చిన తెల్లారి నుంచి ఇండికేటర్‌లో (కాంటా బరువు చూపే మీటర్‌లో) పడే బరువు కంప్యూటర్‌లోకి రావడం లేదు. ఫిర్యాదు ఇస్తే ‘హార్డ్‌వేర్ లోపం, కేబుల్ మార్చుకోండి’ అని రాసి మూసేశారు. కేబుల్ బాగానే ఉంది. ఈ లేఖ కాల్ సెంటర్‌లో ఆగిపోకుండా అప్‌డేట్ తయారుచేసిన వాళ్ల చేతికి చేర్చండి.

ఇండికేటర్ వెనక 9 పిన్నుల సీరియల్ పోర్టు, దాని సెట్టింగులు 9600 బాడ్, 8 బిట్లు, పారిటీ లేదు, 1 స్టాప్ బిట్. అక్కడి నుంచి పెట్టెకు వచ్చేది మీరే ఇచ్చిన సీహెచ్340 చిప్ యూఎస్‌బీ అడాప్టర్, ఐడీ 1ఏ86:7523. పాత సిస్టమ్‌లో అడాప్టర్ పెట్టగానే టీటీవై యూఎస్‌బీ 0 అని పోర్టు వచ్చి అలాగే ఉండేది. ఇప్పుడు వస్తుంది, ఒక సెకను ఉంటుంది, పోతుంది. కెర్నల్ (సిస్టమ్‌కు మూలమైన ప్రోగ్రాం) రాసుకునే లాగ్ తెరిస్తే సంగతి రెండు లైన్లలో తేలిపోతుంది: అడాప్టర్ ఇంటర్‌ఫేస్ 0 సీహెచ్341 డ్రైవర్ (సీహెచ్340నూ నడిపేది ఇదే) చేతిలో ఉండగానే బీఆర్ఎల్‌టీటీవై దాని కాన్ఫిగరేషన్ మార్చిందని మొదటి లైను, కన్వర్టర్ (అంటే అడాప్టర్) టీటీవై యూఎస్‌బీ 0 నుంచి విడిపోయిందని రెండో లైను.

బీఆర్ఎల్‌టీటీవై అనేది చూపు లేనివాళ్లు వాడే బ్రెయిలీ డిస్‌ప్లేలను నడిపే ప్రోగ్రాం. 20.04లో దాని 6.0 వెర్షన్ ఉండేది, 22.04లో 6.4 వచ్చింది. కొత్త వెర్షన్‌తో వచ్చిన యూడెవ్ రూల్స్‌లో (ఏ పరికరం తగిలిస్తే ఏం చేయాలో చెప్పే నియమాల్లో) 1ఏ86:7523 కూడా ఉంది, ఎందుకంటే ఒక బ్రెయిలీ పరికరంలోనూ ఇదే చిప్ ఉంటుంది. చిప్ ఐడీ ఒకటే అయినప్పుడు అది బ్రెయిలీ యంత్రమో కాంటా కేబులో ఆ రూల్‌కు తెలియదు, వెంటనే పట్టేసుకుంటుంది. 22.04 వచ్చిన 2022లోనే సీహెచ్340 వాడేవాళ్లలో చాలామందికి ఇది తెలిసిపోయింది. మూడేళ్ల తర్వాత అదే అడాప్టర్‌తో పెట్టెలు అమ్ముతూ, అదే సిస్టమ్ ఎక్కించి, ఒక్క పెట్టెకైనా కేబుల్ గుచ్చి చూశారా?

గ్రబ్ మెనూలో (పెట్టె ఆన్ అయ్యేటప్పుడు వచ్చే జాబితాలో) పాత కెర్నల్ ఎంచుకోమని మీ వాళ్లు చెప్పారు. పాత కెర్నల్‌తోనూ అంతే. అప్పుడే తెలిసిపోవాలి, లోపం కెర్నల్‌లో లేదని. ఆప్ట్ హిస్టరీ లాగ్‌లో (ఏ ప్యాకేజీలు మారాయో రాసి ఉండే చిట్టాలో) మారిన ప్యాకేజీల్లోంచి యూఎస్‌బీ జోలికి పోయేవాటిని ఏరి, ఒక్కొక్కటే ఆపి చూస్తే పావుగంట పని. బీఆర్ఎల్‌టీటీవై సర్వీసును మాస్క్ చేసి (అసలు మొదలు కాకుండా ఆపి) అడాప్టర్ మళ్లీ పెడితే పోర్టు నిలిచింది. మాస్క్ తీసేస్తే మళ్లీ పోయింది. మూడు పెట్టెల మీద ఇదే ఫలితం. వేరే చిప్ ఉన్న కేబుల్ పెట్టినా పనిచేస్తుంది, కాబట్టే మీవాళ్లకు అది కేబుల్ లోపంలా కనిపించింది.

ఇంతవరకైతే పని ఆగడం మాత్రమే. దీన్ని నష్టంగా మార్చింది మీ ఫోన్ సలహా. ‘కేబుల్ పీకి మళ్లీ పెట్టండి’ అన్నారు. పెట్టిన ఆ ఒక్క సెకనులో మీ సాఫ్ట్‌వేర్ పోర్టు తెరిచి ఒక బరువు చదువుకుంటుంది. పోర్టు పోయాక తప్పు చూపించకుండా, ఆఖరున చదివిన అంకెనే స్క్రీన్ మీద ఉంచుతుంది. అంకె కనబడింది కదా, కాంటా బాగైందని ఆపరేటర్ అనుకుంటాడు. జతచేసిన రెండు స్లిప్పులు చూడండి. ముందు వచ్చిన ట్రాక్టర్ 9,860 కిలోలు. వెనక వచ్చిన ట్రాక్టర్‌కు ఇండికేటర్ మీద 9,310 పడింది, స్లిప్పు మీద మాత్రం 9,860 అచ్చయింది. తేడా 550 కిలోలు. ఏ గ్రేడ్ వడ్ల 2025-26 మద్దతు ధర క్వింటాలుకు 2,389 చొప్పున 13,139 రూపాయల 50 పైసలు. ఈసారి నష్టం మిల్లుది. బండ్లు అటుదిటయితే రైతుది. తూనికలు కొలతల శాఖ సీలు ఇండికేటర్‌కే ఉంటుంది, కానీ డబ్బు లెక్కయ్యేది స్లిప్పు మీద. కాంటా దగ్గర పంచాయితీ అయితే నిలబడేది ఆపరేటర్ ఒక్కడే.

కాబట్టి అన్నిటికన్నా ముందు ఇది సరిచేయండి: ఇండికేటర్ నుంచి 2 సెకన్లు డేటా రాకపోతే స్క్రీన్ మీద అంకె చెరిగిపోవాలి, ప్రింట్ బటన్ పనిచేయకూడదు. ఇది చేయకుంటే బీఆర్ఎల్‌టీటీవై తగాదా తీరినా రేపు ఎలుక వైరు కొరికితే మళ్లీ ఇదే కథ.

ఇక రూల్ సంగతి. హాలియా వైపు ఒక పెట్టెలో మీ ఇంజినీర్ యూఎస్ఆర్ లిబ్ కింద ఉన్న 85-బీఆర్ఎల్‌టీటీవై రూల్స్ ఫైల్‌లోనే 1ఏ86:7523 లైన్ కొట్టేసి వెళ్లారు. ఆ చోటు ప్యాకేజీది, దాని తర్వాతి అప్‌డేట్ ఫైల్‌ను మళ్లీ మామూలుగా పెట్టేస్తుంది. అదే పేరుతో ఫైల్‌ను ఈటీసీ (మనం మార్చుకునే సెట్టింగులు ఉండే చోటు) కింద యూడెవ్ రూల్స్ ఫోల్డర్‌లో పెట్టి, అందులో 1ఏ86:7523 లైన్ తీసేయాలి. అప్పుడు ఈటీసీలోదే చెల్లుతుంది, అప్‌డేట్ దాన్ని ముట్టదు. బ్రెయిలీ వాడేవాళ్లు లేని కాంటా గదిలో ప్యాకేజీనే తీసేసినా ఫర్వాలేదు, కానీ మీ పెట్టెలన్నిటికీ ఒకే ఆదేశం పంపేముందు అలాంటివాళ్లు ఎక్కడైనా ఉన్నారేమో అడగండి.

పనిలో పని, సీహెచ్340కు మామూలుగా సీరియల్ నంబర్ ఉండదు, రెండు అడాప్టర్లను విడిగా గుర్తుపట్టలేం. కాంటాకు ఒకటి, తేమ మీటర్‌కు ఒకటి పెట్టిన చోట రీబూట్ తర్వాత 0, 1 తారుమారు కావచ్చు. పోర్టును పేరుతో కాకుండా అది గుచ్చిన యూఎస్‌బీ స్లాట్ దారితో పట్టుకునేలా మీ సాఫ్ట్‌వేర్ మార్చండి.

విడుదలైన వెర్షన్లకు అప్‌డేట్ ఇచ్చేటప్పుడు ఉబుంటు వాళ్లు కూడా ముందు ప్రపోజ్డ్‌లో (పరీక్ష కోసం విడిగా ఉంచే చోట) పెట్టి, పరీక్షించినవాళ్ల మాట విని, మామూలుగా కనీసం 7 రోజులు ఆగుతారు. మీరు సిస్టమ్ మొత్తాన్ని ఒకే రాత్రి అన్ని పెట్టెలకూ తోసేశారు, అదీ వానాకాలం వడ్లు కాంటాల ముందు క్యూ కట్టి ఉన్నప్పుడు. ఇకముందు నిజమైన ఇండికేటర్, అడాప్టర్, ప్రింటర్ తగిలించిన రెండు పెట్టెల మీద వారం నడిపి, కరెంటు తీసి పెట్టి, కేబుల్ పీకి పెట్టి చూశాకే మాకు పంపండి. దానితోపాటు ఏ ప్యాకేజీ ఏ వెర్షన్ నుంచి ఏ వెర్షన్‌కు మారిందో జాబితా, వెనక్కి పోవడానికి పాత సిస్టమ్ ఇమేజ్ (మొత్తం సిస్టమ్ నకలు) ఇవ్వండి. మీ ఫిర్యాదు ఫారంలో స్క్రీన్‌షాట్‌కు తప్ప దేనికీ చోటు లేదు; ఏ వెర్షన్‌లో పనిచేసేది, ఏ వెర్షన్‌లో ఆగింది, మళ్లీ ఎట్లా రప్పించాలి అనే మూడు గడులు పెట్టండి.

మూడు పెట్టెల కెర్నల్ లాగులు, ఆప్ట్ హిస్టరీ, రెండు స్లిప్పుల నకళ్లు ఈ లేఖతో పంపుతున్నాం. మూసిన ఫిర్యాదును మళ్లీ తెరిచి, హార్డ్‌వేర్ లోపం అన్న మాట తీసేయండి. ఆ మాట నమ్మి కొత్త కేబుళ్లు కొన్నవాళ్లకు వాటి ఖరీదు వాపసు ఇవ్వండి. సరిచేసిన అప్‌డేట్‌ను ముందు నేరేడుచర్లలోని ఒక పెట్టెకే పంపండి. అక్కడ కాంటా ఖాళీగా ఉండే పొద్దుటి పూట పరీక్షించి ఫలితం మీకు రాతపూర్వకంగా తెలియజేస్తాం.

ఇట్లు,
కాంటా కంప్యూటర్ల మెయింటెనెన్స్ టెక్నీషియన్లు,
మిర్యాలగూడ, హాలియా, నేరేడుచర్ల.