షార్ట్‌స్టాప్ ఆడే మా అబ్బాయికి

చిరంజీవి చిన్నాకి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమం.

నువ్వు కాలేజీ బేస్‌బాల్ టీమ్ మానేద్దామనుకుంటున్నావని అమ్మ చెప్పింది. నాకు చెప్పొద్దన్నావట. మనింట్లో ఏ మాటైనా ఎంతసేపు దాగుతుందో నీకు తెలియంది కాదు. ఫోన్ చేస్తే నువ్వు "ఊ", "సరే" తప్ప ఇంకేమీ అనవు, అందుకే రాస్తున్నాను. మానెయ్యమనీ అనను, మానొద్దనీ అనను. అది నువ్వే తేల్చుకోవాలి. కానీ బ్యాటింగ్ యావరేజ్ చూసుకుని మానేస్తానన్నావని విన్నాక, నువ్వు చూడాల్సిన లెక్క వదిలేసి వేరే లెక్క చూస్తున్నావేమో అనిపించింది. సెయింట్ లూయిస్‌లో పెరిగినవాడివి, పైగా సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య కాపు కాసే షార్ట్‌స్టాప్‌వి. మన ఊరి టీమ్ కార్డినల్స్‌కి షార్ట్‌స్టాప్ ఆడిన ఆజీ స్మిత్ అంటే నీకు గుర్తొచ్చేది ఆ టీమ్ మైదానం బుష్ స్టేడియం బయట గాల్లో అడ్డంగా తేలుతున్న ఆ విగ్రహం, సీజన్ మొదటిరోజు వేసే పల్టీలు. ఆయన కెరీర్‌ని ఒకసారి మొదట్నుంచి చూడు.

1978లో శాన్ డియేగో పాడ్రెస్ టీమ్‌తో మొదలుపెట్టాడు. ఆ ఏడాది యావరేజ్ .258. పర్లేదు. మరుసటి ఏడాది .211కి పడిపోయింది. అంటే వందసార్లకి ఇరవై ఒక్క హిట్లు. 1981లో .222. పందొమ్మిదేళ్లు ఆడి మొత్తం కొట్టిన హోమ్‌రన్లు, అంటే మన సిక్సర్ల లాంటివి, 28. ఈ రోజుల్లో ఒక్క సీజన్లోనే అంతకన్నా ఎక్కువ కొట్టే షార్ట్‌స్టాప్‌లున్నారు. అలాంటి మనిషిని 2002లో, పేరు ఓటింగ్‌కి వచ్చిన మొదటి ఏడాదే, 91.7 శాతం ఓట్లతో, బేస్‌బాల్ మేటి ఆటగాళ్లకి దక్కే హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు. ఎందుకో చూద్దాం.

1978 ఏప్రిల్ 20. శాన్ డియేగోలో అట్లాంటాతో మ్యాచ్. అట్లాంటా బ్యాటర్ జెఫ్ బరోస్ కొట్టిన బంతి, బంతి విసిరే పిచర్ పక్కనుంచి నేరుగా సెంటర్ ఫీల్డ్ వైపు దూసుకెళ్తోంది. చూసేవాళ్లందరికీ అది హిట్టే. స్మిత్ ఎడమవైపు పరుగెత్తి సెకండ్ బేస్ వెనక గాల్లోకి దూకాడు. గ్లవ్ చాచి ఉన్నాడు. ఇంకా గాల్లోనే ఉండగా బంతి నేల మీద ఏదో తగిలి పైకి లేచి, ఆయన శరీరం వెనక్కి మళ్లింది. గ్లవ్ ఒక పక్క, బంతి ఇంకో పక్క. కుడిచెయ్యి, ఉత్త చెయ్యి, వెనక్కి పెట్టి పట్టేసుకున్నాడు. నేలకి తగిలి, లేచి, బరోస్ చేరేలోపే ఫస్ట్ బేస్‌కి విసిరాడు. బరోస్ అవుట్. వీడియో ఉంది, నెమ్మదిగా పెట్టుకుని చూడు. నేనైతే ఆ కుడిచెయ్యి ఎప్పుడు కదిలిందా అని మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పి చూశాను.

ఈ ఆట స్కోరుబుక్కులో ఎలా పడింది? షార్ట్‌స్టాప్ నుంచి ఫస్ట్ బేస్‌కి, ఒక అవుట్. అంతే, నేల మీద దొర్లే మామూలు గ్రౌండ్ బాల్‌కి రాసినట్టే. ఆయన స్థానంలో ఇంకో షార్ట్‌స్టాప్ ఉండి, రెండడుగులు వేసి ఆగిపోయి ఉంటే? అది హిట్. ఆ షార్ట్‌స్టాప్ పేరు మీద తప్పేమీ ఉండదు. నీకు తెలియని సంగతి కాదిది. బంతి దాకా వెళ్లి జారవిడిచినవాడికి ఎర్రర్ రాస్తారు, అసలు బంతి దాకా వెళ్లనివాడికి ఏమీ రాయరు. నేను హైదరాబాద్‌లో క్రికెట్‌లో అజహరుద్దీన్ ఫీల్డింగ్ చూస్తూ పెరిగినవాణ్ణి. పాయింట్‌లో ఆయన ఆపిన పరుగులు ఏ స్కోర్‌బోర్డు మీదా కనిపించేవి కావు, అవతలి టీమ్ స్కోరు మాత్రం ఎప్పుడూ ఓ ఇరవై తక్కువే ఉన్నట్టు అనిపించేది. బేస్‌బాల్ అర్థమవడానికి నాకు పనికొచ్చింది ఆ ఒక్క అనుభవమే.

స్మిత్ విషయంలో మాత్రం ఆ కనపడనిది కూడా ఒకచోట అంకెగా బయటపడింది. 1980లో ఆయన 621 అసిస్టులు చేశాడు. అంటే ఆయన చేతిలోంచి వెళ్లిన త్రోతో అవుట్‌లు అన్ని పడ్డాయి. 1924 నుంచి నిలిచిన 601 రికార్డును దాటేశాడు. దాన్ని ఇప్పటికీ ఏ షార్ట్‌స్టాప్ దాటలేదు. ఆ ఏడాది నుంచి 1992 దాకా వరసగా పదమూడు గోల్డ్ గ్లవ్‌లు, అంటే ఫీల్డింగ్‌కిచ్చే అవార్డులు. అయినా జీతం విషయంలో పాడ్రెస్‌తో పడలేదు. ఆయన ఏజెంట్, మా ఆటగాడికి పార్ట్‌టైమ్ ఉద్యోగం కావాలని పేపర్లో ప్రకటన వేయించాడు. టీమ్ యజమాని భార్య తన తోటలో సహాయ తోటమాలి పని ఇస్తానంది! ఎగతాళో ఏమోగానీ, ఆ ఊళ్లో ఆయన విలువ ఎలా కట్టారో నాకు దాంతోనే అర్థమైంది.

ఇటు మన కార్డినల్స్ మేనేజర్ వైటీ హెర్జాగ్ మాత్రం ఆయన్ని వేరే కళ్లతో చూశాడు. 1981 చివర్లో శాన్ డియేగో వెళ్లి స్మిత్‌ను కలిసి మాట్లాడి ఒప్పించాడు. 1982లో స్మిత్ ఇక్కడికొచ్చాడు, అదే ఏడాది కార్డినల్స్ లీగ్ ఛాంపియన్‌ని తేల్చే వరల్డ్ సిరీస్ గెలిచారు. హెర్జాగ్‌కి స్మిత్ నుంచి హోమ్‌రన్లు అక్కర్లేదు. కాళ్లు చురుకైనవాడు, బంతి నేల మీద కొడితే పరుగెత్తి బేస్ చేరతాడు, గాల్లోకి కొడితే ఎవడో ఒకడు పట్టేస్తాడు. అందుకని పందెం పెట్టాడు. గ్రౌండ్ బాల్ కొడితే నేను నీకు డాలర్ ఇస్తాను, ఫ్లై బాల్ కొడితే నువ్వు నాకు డాలర్ ఇవ్వు అని. సీజన్ అయ్యేసరికి స్మిత్ దగ్గర దాదాపు 300 డాలర్లు చేరాయి. మీ అమ్మకి ఈ సంగతి చెప్తే, "మూడొందలకి బ్యాట్స్‌మన్ దొరికాడన్నమాట, బేరం బాగుంది" అంది.

అయితే ఫలితం ఒక్క రోజులో రాలేదు. యావరేజ్ 1985కి .276 అయింది, 1987లో .303. ఆ .303 ఏడాది కొట్టిన హోమ్‌రన్లు ఎన్నో తెలుసా? ఒక్కటీ లేదు. 40 డబుల్స్ (సెకండ్ బేస్ దాకా చేర్చిన హిట్లు), 43 స్టీల్స్ (పిచర్ విసిరేలోపు దొంగిలించిన బేస్‌లు), 75 ఆర్బీఐలు (తన బ్యాటింగ్‌తో టీమ్‌కి తెచ్చిన పరుగులు), హోమ్‌రన్లు సున్నా. లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడికిచ్చే ఎంవీపీ ఓటింగ్‌లో రెండో స్థానం. అప్పటి బుష్ స్టేడియంలో కృత్రిమ గడ్డి కాబట్టి నేల మీద కొట్టిన బంతి వేగంగా దూసుకెళ్లేది. ఆ మైదానానికి సరిపోయేలా ఆటను మలుచుకున్నాడు.

నువ్విప్పుడు కాలేజీలో మొదటి ఏడాది ఫ్రెష్‌మన్‌వి, బెంచ్ మీద ఉన్నావు. ఆయన కూడా కాల్ పాలీ కాలేజీలో చేరినప్పుడు స్కౌట్లు వెంటపడి తెచ్చుకున్నవాడేం కాదు. చదువు మీద వచ్చిన కొద్దిపాటి స్కాలర్‌షిప్‌తో చేరి, టీమ్‌లోకి తనంతట తానే వెళ్లాడు. ఎడమచేత్తో కూడా బ్యాటింగ్ చెయ్యడం అక్కడి కోచ్ నేర్పించాడు. 1974 సీజన్ మధ్యలో అసలు షార్ట్‌స్టాప్‌కి కాలు విరిగాక ఆ చోటు ఈయనకి దక్కింది. 1976లో డెట్రాయిట్ టైగర్స్ డ్రాఫ్ట్‌లో, అంటే టీమ్‌లు కొత్త ఆటగాళ్లని ఎంచుకునే చోట, ఎంచుకున్నారు. డబ్బు దగ్గర బేరం కుదరక కాలేజీకి తిరిగెళ్లి చివరి ఏడాది ఆడాడు. (ఈ ముక్క నేను కావాలనే రాశానని నువ్వు అనుకుంటావు. అవును, కావాలనే రాశాను.) 1977లో పాడ్రెస్ 5,000 డాలర్లిచ్చి తీసుకున్నారు.

ఇంకో సంగతి. 1985 జులైలో ఫస్ట్ బేస్‌కి వెనక్కి దూకుతూ భుజం లోపలి కండరం చిరిగింది. ఆపరేషన్ వద్దనుకుని, విసిరే తీరు మార్చుకుని ఆడాడు. ఆ అక్టోబర్‌లో డాడ్జర్స్ టీమ్ మీద, ఎడమచేతి వైపు నుంచి, తొమ్మిదో ఇన్నింగ్స్‌లో మ్యాచ్ గెలిపించిన హోమ్‌రన్ కొట్టాడు. ఎడమవైపు నుంచి 3,009 సార్లు బ్యాట్ చేశాక వచ్చిన మొదటి హోమ్‌రన్ అది! ఊళ్లో పాతకాలం వాళ్లు ఇప్పటికీ దాని గురించే చెప్తారు. నాకు మాత్రం ఆ విసిరే తీరు మార్చుకోవడమే పెద్ద పని అనిపిస్తుంది. నువ్వు మాత్రం భుజం నొప్పి అనిపిస్తే దాచకు, ఆయనకి కలిసొచ్చిందని నీకూ కలిసొస్తుందని లేదు.

నిన్ను మభ్యపెట్టడం నాకిష్టం లేదు. ఈ కాలంలో .211 కొట్టే షార్ట్‌స్టాప్‌ని ఏళ్లతరబడి ఎవరూ మొయ్యరు. కాల్ రిప్కెన్ లాంటి ఆరడుగుల నాలుగంగుళాల మనిషి ఆ చోట ఆడి హోమ్‌రన్లు కొట్టాక, టీమ్‌లు అక్కడ కూడా బలమైన బ్యాట్ ఆశిస్తున్నాయి. స్మిత్‌కే చివర్లో చోటు దక్కలేదు. 1996లో కొత్త మేనేజర్ ఇంకొకరిని ముందుకు తెచ్చాడు, స్మిత్ చాలా బాధపడ్డాడు, ఆ ఏడాదితోనే రిటైరయ్యాడు. అప్పటికి 41 ఏళ్లు. మేజర్ లీగ్ ఫీల్డింగ్‌లో 2,511 మ్యాచ్‌లు ఆడితే అన్నీ షార్ట్‌స్టాప్‌గానే. ప్రొఫెషనల్ కావడమన్నది నీకు జరగొచ్చు, జరక్కపోవచ్చు. నేనడిగేది అది కాదు.

కోచ్ దగ్గరికి వెళ్లి యావరేజ్ గురించి అడక్కు, అది నీకు తెలిసిందే. "ప్రాక్టీస్‌లో నా కుడివైపు, ఎడమవైపు ఎంత దూరం బంతులు అందుకుంటున్నాను, మిగతా ఇద్దరు షార్ట్‌స్టాప్‌లు ఎంత అందుకుంటున్నారు?" అని అడుగు. కాలేజీ వాళ్ల దగ్గర వీడియోలుంటాయి కదా, ఒక వారం లెక్క చూపించమను. వాళ్లకన్నా నువ్వు ఎక్కువ అందుకుంటుంటే, బ్యాటింగ్‌లో కనీసం ఎంత ఉంటే ఆడిస్తారో సూటిగా అడిగెయ్. తక్కువ అందుకుంటుంటే, అప్పుడు నీ మాటే సరి. ఇంటికొచ్చెయ్, వేసవిలో ఇంటర్న్‌షిప్ చూసుకో, ఎవ్వరూ ఒక్క మాట అనరు. ఆ సమాధానం తెలియకుండా మాత్రం యూనిఫాం తిరిగిచ్చెయ్యకు.

కోచ్ ఏమన్నాడో ఆదివారం ఫోన్ చేసి నాకే చెప్పు, అమ్మ ద్వారా వద్దు. థాంక్స్‌గివింగ్‌కి టికెట్ల రేట్లు పెరిగిపోతున్నాయి, తేదీలు పంపించు. నీ పాత గ్లవ్ చెల్లి వాడుకుంటోంది. తోలు గట్టిపడిందట, మీ అమ్మ కొబ్బరినూనె సీసా పట్టుకుని సిద్ధంగా ఉంది. గ్లవ్‌కి ఏం పూయాలో త్వరగా మెసేజ్ పెట్టు.

మీ నాన్న